జామాయిల్ లోడ్లు మాయమైన రోజులు

సారపాక మిల్లుకు జామాయిల్ కర్ర సరఫరా చేసే ఒక సేట్ దగ్గర నేను కంప్యూటర్ పని చూస్తున్నానని మా బంధువుల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. 'సాఫ్ట్‌వేర్' అని చెబుతాను. అది అబద్ధం కాదు. భద్రాచలం అడవి అంచున మా వాళ్ళకు ఒకప్పుడు ఎంత భూమి ఉండేదో అడిగినవాళ్ళకు కూడా నేను చెప్పను. మా పెద్దనాన్న అడగనివాళ్ళకు కూడా చెప్పేవాడు. ఆ భూమిలో ఇప్పుడు ఎవరెవరో జామాయిల్ వేశారు. ఆ కర్ర మిల్లుకు పోయే ముందు నేను రాసిన వెబ్ అప్లికేషన్‌లో ఒక లోడుగా ఎక్కుతుంది.

ఎక్కించేది మా ఆపరేటర్. కారేపల్లి నుంచి వచ్చి, సారపాకలో గది కిరాయికి తీసుకుని, కూతుర్ని చదివించుకుంటున్న ఆవిడ. లారీ కాటా దాటగానే బండి నంబరు, రైతు పేరు, ఊరు, బరువు కొడుతుంది. రైతు ఫోన్‌కు మెసేజ్ పోతుంది.

మొదట ఒక రైతు వచ్చి, తన ఫోన్‌లో మెసేజ్ చూపించి, తెర మీద లోడు చూపించమన్నాడు. తెర మీద లేదు. కొట్టానని ఆపరేటర్ అంది. కొట్టకపోతే మెసేజ్ పోదు కాబట్టి అది నిజమే. మళ్ళీ కొట్టింది. రెండు రోజులకు ఇంకొకరిది పోయింది. ఆ తర్వాత దాదాపు రోజూ ఒకటి పోతూ వచ్చింది. ఎప్పుడూ మధ్యాహ్నం ప్రాంతంలోనే, ఎప్పుడూ అప్పుడే ఎక్కించిన లోడే.

లారీ డ్రైవర్లు కారణాలు చెప్పడం మొదలుపెట్టారు. ఒకాయన కంప్యూటర్ పెట్టిన మూల మంచిది కాదన్నాడు. ఇంకొకాయన అడవిలో ఫలానా మలుపు దగ్గర కొబ్బరికాయ కొట్టకుండా వచ్చిన బండ్ల లోడ్లే పోతున్నాయని తేల్చాడు. మరునాడు కొబ్బరికాయ కొట్టి వచ్చిన ఆయన బండి లోడే పోయింది. కాయ కుళ్ళిందేమో అన్నాడు.

సేట్‌కు ఇవేవీ పట్టలేదు. డ్రైవర్లందరూ వింటుండగానే ఆపరేటర్‌తో అన్నాడు: "కీబోర్డు మీద చెయ్యి నీది. లోడు దానంతట అదే లేచి పోతదా? ఈ శుక్రవారం జుమ్మా లోపు సంగతేందో తేలకపోతే శనివారం సంది రాకమ్మా."

"నేనే తీసి మల్ల నేనే కొట్టుకుంటున్ననా సేట్? నాకు వేరే పని లేదా?" అని ఆవిడ తర్వాతి లారీ వివరాలు కొట్టడంలో పడింది. బండి నంబరు తప్పు కొట్టి, మళ్ళీ సరిచేసుకుంది.

సేట్ నా వైపు తిరిగి, "దొరా, మీరే పట్టుకోండ్రి" అన్నాడు. ఆయన నన్ను దొరా అనే పిలుస్తాడు. అందులో మర్యాద ఎంతో ఎకసెక్కం ఎంతో మా కాటా మీద తేలే విషయం కాదు. నేను మర్యాదగానే తీసుకుంటాను.

డేటాబేస్ చూశాను. లోడ్లు చెడిపోలేదు, ఎవరో పద్ధతిగా తొలగించారు. ఎవరు ఏ లాగిన్‌తో ఏం చేశారో రాసుకునే లాగ్ ఒకటి ఉంటుంది. అది తెరిచాను. తొలగింపులన్నీ సేట్ లాగిన్ మీద ఉన్నాయి. నమోదులన్నీ కూడా సేట్ లాగిన్ మీదే ఉన్నాయి. ఆఫీసు మొత్తానికి ఒకటే లాగిన్. తలా ఒకటి పెడదామని మొదట్లోనే అన్నాను. "మనమంత ఒక్క ఇంటోళ్ళం గాదా దొరా" అన్నాడాయన.

పాస్‌వర్డ్ మార్చి ఆపరేటర్‌కు మాత్రమే చెప్పాను. మరునాడూ లోడు పోయింది. ఇప్పటికే లోపల ఉన్నవాణ్ణి కొత్త పాస్‌వర్డ్ బయటికి పంపదని అప్పుడు నాకు గుర్తు రాలేదు. ఆవిడ మీది అనుమానాన్ని నేనే గట్టి చేసినట్టయింది. అయితే లాగ్‌లో ఇంకో సంగతి కనిపించింది: తొలగిస్తున్నది కంప్యూటర్ కాదు, ఫోన్. అది చెప్పగానే ఆవిడ అడక్కుండానే తన ఫోన్ తీసి నా టేబుల్ మీద పెట్టింది. మధ్యాహ్నం దాకా దానికి కాపలా కూర్చున్నాను. ఫోన్ కదల్లేదు. లోడు పోయింది.

ఆ లాగిన్ ఉన్న ఫోన్లలో ఇక మిగిలింది సేట్‌దే.

ఇక్కడ నా చదువుకు పెంపకం అడ్డం వచ్చింది. ఒక పెద్దమనిషిని నీ ఫోన్ చూపించు అని అడగడం మా ఇంటి పద్ధతి కాదు. మా తాతగారు ఇంటికొచ్చినవాళ్ళ సంచిలో ఏముందని ఏనాడూ అడగలేదు. అలా రెండుసార్లు వెండి సామాను పోయిందట. అయినా అడగలేదు.

అడగలేను కాబట్టి, కోత చూడాలని ఉందని చెప్పి, దాదాపు రోజూ పొద్దున అడవికి పోయే సేట్ వెంట గురువారం జీపు ఎక్కాను. కోత జరిగే చోట సిగ్నల్ ఉండదు. ఆ నేల ఒకప్పుడు ఎవరిదో నాకు తెలుసు, సేట్‌కూ తెలుసు. ఇద్దరమూ ఆ మాట ఎత్తలేదు. కర్ర ఎక్కిస్తుండగా సేట్ లోడ్లు చూద్దామని ఫోన్ తెరిచాడు. నెట్ లేదని చూపించి తెర అలాగే ఉండిపోయింది.

మధ్యాహ్నం నమాజుకు అందుకోవాలని ఆయన జల్దీగా బయలుదేరాడు. ఫోన్‌ను స్టీరింగ్ పక్కనున్న స్టాండులో పెట్టాడు. స్టాండులో ఉన్న ఫోన్ కంటికి కనబడితే అది అడగడం కిందికి రాదు. మెయిన్ రోడ్డు ఎక్కుతుండగా సిగ్నల్ వచ్చింది. ఎవరూ ముట్టుకోకుండానే తెర కదిలి, నేను రాసిన మాటలే నాకు చూపించింది: 'చివరి లోడు తొలగించబడింది.' వెంటనే నా ఫోన్ మోగింది. ఆపరేటర్.

"సార్, ఇప్పుడే కొట్టిన లోడు పోయింది."

జీపు ఆపించి సేట్‌కు వివరించాను. ఎప్పుడో ఒక తప్పు లోడును తీసెయ్యడానికి ఆయన ఆ బటన్ నొక్కాడు. ఆ పేజీ మాత్రం మూయలేదు. అడవిలో ఫోన్ తెరిచినప్పుడల్లా ఆ పేజీ సిగ్నల్ కోసం కాచుకుంటోంది. రోడ్డెక్కగానే మళ్ళీ తెరుచుకుని, బటన్ ఇంకోసారి నొక్కినట్టే, ఆ క్షణానికి చివరిది ఏ లోడైతే దాన్ని తీసేస్తోంది.

"అంటే దొంగను నేనా?"

"మీరు కాదు సేట్. మీ ఫోన్."

"ఫోన్ నాదే. మరి తీయాల్నా వద్దా అని అడగకుండ తీసేసే బటన్ ఎవరు పెట్టిండ్రు?"

"అడగకుండా తీసెయ్యాలని మీరే అన్నారు."

"నేనంటే మీరు పెట్టుడేనా? చదువుకున్నోళ్ళు."

తల వంచే అలవాటు ఆయనకూ లేదు, నాకూ లేదు. తప్పు సిగ్నల్‌దని చెప్పేస్తే అయిపోతుంది గదా అన్నాడు. ఆ ఆలోచన నాకూ నచ్చింది. కానీ ఆయన ఆవిణ్ణి అన్నది డ్రైవర్ల ముందు. సిగ్నల్ పేరు చెబితే వాళ్ళలో ఒక్కరూ నమ్మరు, ఆవిడ మీద మచ్చ అలాగే ఉంటుంది. అదే చెప్పాను. సేట్ నమాజుకు పోయి వచ్చాడు.

మేం ఆఫీసుకు చేరేసరికి డ్రైవర్లు అన్నాలు తింటున్నారు. సేట్ కుర్చీలో కూర్చోకుండానే చెప్పాడు: "లోడ్లు తీసింది నా ఫోన్. ఈ అమ్మ గాదు. నేను ఊకెనే మాట అన్న. శనివారం ఎప్పటి లెక్కనే రావాలె."

తర్వాత నా వైపు చూశాడు.

"బటన్ నాది. రేపటి నుంచి అడిగి గానీ తీయదు" అన్నాను.

ఆపరేటర్ లేచి చెయ్యి చాపింది. "ఫోన్ ఇటియ్యండ్రి సేట్."

ఇన్ని రోజులు నేను అడగలేకపోయినదాన్ని ఆయన ఇట్టే ఇచ్చేశాడు. ఆవిడ తిరిగి కూర్చుని, అందులో తెరిచి ఉన్న పేజీలన్నీ ఒక్కొక్కటే మూయడం మొదలుపెట్టింది. అవి తరగడం లేదు. "అది క్రికెట్, ఉండనీ అమ్మా" అన్నాడు సేట్. మూసేసింది. "అది జీపు టైర్ల రేటు." అదీ మూసేసింది. డ్రైవర్లు కంచాలు పట్టుకుని దగ్గరికి వచ్చారు. పని అయ్యేదాకా సేటూ నేనూ ఆవిడ టేబుల్ ముందు పక్కపక్కనే నిలబడి ఉన్నాం. కూర్చోమని ఆవిడ అనలేదు.