గోలీ నాది, నింద కోడలిది

మా బస్తీలో జాలికి కరువు లేదు. మోచేతి పైన ఒక నల్లమచ్చ కనబడితే చాలు, నలుగురు ఆడవాళ్లు చేరి నాలుక చప్పరిస్తారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు, పక్కసందులోకి తిరగగానే నవ్వుకుంటారు. దెబ్బ తగిలినా ఓర్చుకుంటాను గానీ ఈ పరామర్శలు ఓర్చుకోలేను.

నాకు చదువు రాదు. సంతకం గీస్తాను, బస్సు బోర్డు చదువుతాను, అంతే. నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. ఇందులో సగం మాటలు ఆమె గురించే కాబట్టి మొహం ముడుచుకుని రాస్తోంది. నేను గోలీ అంటే మాత్ర అని రాయబోయింది. గోలీ అనే రాయమన్నాను. మింగేది నేను.

మాది పటాన్‌చెరు దాటి గడ్డపోతారం పోయే దారిలో ఒక ఊరు. మేం జొన్న వేసిన చేన్లలో ఇప్పుడు రేకుల షెడ్లు ఉన్నాయి. వాటిలో మందుల ముడిపొడి తయారవుతుంది. నా పెనిమిటి ఆ పొడుల మధ్యే హెల్పరుగా బతికి పోయాడు. నా కొడుకు అక్కడే షిఫ్టులు చేస్తాడు. కోడలు మాత్రం మాలో పిల్ల కాదు. వాళ్ల నాయన కోస్తా నుంచి పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆమె ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదివింది. అయినా బస్తీకి ఆమె ఈనాటికీ ‘ఆంధ్ర పిల్ల’. నోరు తెరిచి ‘ఏమిటండీ’ అంటే చాలు, వీళ్లకు ఆమె అన్నం తినే చెయ్యి కూడా వేరేగా కనబడుతుంది.

నిరుడు ఎండాకాలం నల్లా దగ్గర బిందె ఎత్తుతుంటే నా గుండె దారి తప్పింది. డప్పు కొట్టేవాడు తాగొచ్చి వాయించినట్టు కొట్టుకుంది. నాలుగు దెబ్బలు గబగబా, ఒక దెబ్బ మింగేసి, మళ్లీ రెండు. కళ్లు తిరిగి అక్కడే కూలబడ్డాను. ముందు బస్తీలో సూదులేసే డాక్టరు దగ్గరకు పోయాం. గ్యాస్ అన్నాడు. వాడి దగ్గర తలనొప్పి గ్యాసే, మోకాలి నొప్పి గ్యాసే. శవాన్ని మోసుకుపోయినా గ్యాస్ ఎక్కువై పోయాడంటాడు. కోడలు వాడి ముందే కుర్చీ నెట్టి లేచి, నన్ను సంగారెడ్డి పెద్ద దవాఖానకు తీసుకుపోయింది.

అక్కడ ఛాతీకి తీగలు అంటించి కాగితం తీశారు. డాక్టరమ్మ ఆ కాగితాన్ని చూసినంత ప్రేమగా నన్ను చూడలేదు. అయితే చెప్పడం మాత్రం తెలిసేలా చెప్పింది. గుండె పై అరలు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతున్నాయట. అక్కడ రక్తం నిలిచి గడ్డ కడుతుందట. ఆ గడ్డ జారి తలకు పోతే చెయ్యీ కాలూ పడిపోతాయట. రెండు రకాల గోలీలు రాసింది. ఒకటి గుండె వేగాన్ని తగ్గించేది, ఇంకొకటి రక్తాన్ని పల్చగా ఉంచేది.

మొదటిది నన్ను తడిసిన గోనెసంచిని చేసింది. పొద్దున లేవడానికే బద్ధకం, మెట్టెక్కితే కాళ్లలో సత్తువ లేదు. బర్రె కూడా నాకన్నా ముందు నడిచేది. మళ్లీ పోయి చెబితే డాక్టరమ్మ దాన్ని తగ్గించి రాసింది. ఆ గొడవ అంతటితో తీరింది.

రెండోదే అసలు గోలీ. అది వేసుకుంటే వేపపుల్లతో పళ్లు తోమినా చిగుళ్ల నుంచి రక్తం. తలుపు గొళ్లెం తగిలినా, బిందె అంచు ఒత్తుకున్నా కమిలి నల్లబడుతుంది, తరవాత పసుపుపచ్చ అవుతుంది. నెలనెలా రక్తం ఇచ్చి, ఎంత పల్చబడిందో చూపించుకోవాలి. ఆకుకూర ఒకరోజు గంపెడు, ఒకరోజు సున్నా అని తినకూడదు, రోజూ ఒకే తీరుగా తినాలి. ఇన్ని ఆంక్షలు నా మొగుడు కూడా పెట్టలేదు.

అయినా నోరు మూసుకుని మింగాను. ఎందుకంటే పక్షవాతం ఏమిటో డాక్టరమ్మకు పుస్తకంలో తెలుసు, నాకు చేతుల్లో తెలుసు. నా అత్తకు ఒక పక్క పడిపోతే ఎత్తింది నేను, కడిగింది నేను, వీపు పుండ్లకు మందు రాసింది నేను. ఆమెకు మాటలన్నీ పోయాయి, తిట్లు మాత్రం మిగిలాయి. నీళ్లు కావాలన్నా తిట్టే, కృతజ్ఞత చెప్పాలన్నా తిట్టే. అలా నేను మంచాన పడితే నన్ను ఎత్తాల్సింది ఎవరు? బస్తీ కాదు. ఈ రాస్తున్న పిల్లే. అందుకే మచ్చా మంచమా అంటే మచ్చే మేలనుకున్నాను.

నా లెక్కలో ఒకటి తప్పింది. మచ్చ నా చేతి మీద పడినా దాన్ని మోసేది ఇంకొకరని నాకు అప్పుడు తోచలేదు.

ఒకసారి రక్తం ఇచ్చి షేర్ ఆటోలో వచ్చాం. దిగుతుంటే కాలు జారింది. కోడలు నా దండ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆపకపోతే తల రోడ్డుకు తగిలేది, ఈ గోలీ వేసుకునేవాళ్లకు తలకు దెబ్బ అంటే మాటలు కాదు. మరునాడు చేతి మీద వేళ్ల అచ్చులు లేచాయి. పక్కపక్కన నాలుగు, లోపలి వైపు బొటనవేలు.

నల్లా దగ్గర ఆ అచ్చుల్ని మొదట చూసింది మా వీధి చివరి కిరాయి గదులామె. ఆమె ఇంటి వెనక వరసగా గదులు కట్టి బయటి రాష్ట్రాల కూలీలకు ఇచ్చింది. ఎవడు వచ్చాడు, ఎవడు ఎవరితో వచ్చాడు అని తలుపు సందుల్లోంచి చూసీ చూసీ ఆమె కళ్లు అలాగే నిలిచిపోయాయి.

“అక్కా, గీ చెయ్యేంది గిట్లయింది?” అంది.

గోలీ వల్ల అని చెప్పాను. ఆటోలోంచి పడబోతే కోడలు పట్టుకుందని కూడా చెప్పాను. ఆ రెండో మాట చెప్పకుండా ఉండాల్సింది. కోడలు అనే ముక్క ఒక్కటే తీసుకుని మిగతాదంతా నల్లా కింద వదిలేసి పోయింది.

నాలుగు రోజుల్లో పొదుపు సంఘం ఆడవాళ్లు ముగ్గురు ఇంటికి వచ్చారు. ఊరికే చూసిపోదామని వచ్చారట. కోడలు చాయ్ పెట్టడానికి లోపలికి పోగానే ముగ్గురి తలలూ నా వైపు వంగాయి. నిజం చెప్పమన్నారు, మేమున్నామన్నారు. నేను నవ్వాను. పాపం, కొడుకు ఇజ్జత్ కోసం నవ్వుతోంది అనుకున్నారు. కోపం చేశాను. భయంతో కోపం వస్తోంది అనుకున్నారు. గోలీ డబ్బా తెచ్చి చూపించాను. దాన్నీ కోడలే నేర్పి పెట్టిందనుకున్నారు. వీళ్ల ముందు నిజం చెప్పడం చిల్లుబిందెలో నీళ్లు పట్టడమే. వాళ్లకు కావలసింది నా క్షేమం కాదు, ‘ఆంధ్ర కోడలు అత్తను కొడుతోంది’ అనే ముచ్చట. కోడలు తెచ్చిన చాయ్ మాత్రం ముగ్గురూ చుక్క మిగల్చకుండా తాగారు.

ఆ తరవాత కిరాయి గదులామె మొగుడు తెలివి చూపించాడు. అతను కంపెనీలో పొడిని డ్రమ్ములకు నింపుతాడు. మా దగ్గర పొడి నింపేవాడు డాక్టరు కన్నా పెద్ద. ఎవరికి ఏ గోలీ రాసినా ముందు పోయి అతన్ని అడుగుతారు. అరుగు మీద కూర్చుని నా కొడుకుకు చెప్పాడు. “మేం గా పొడి ముట్టాల్నంటె దయ్యాల లెక్క సూట్లేసుకుంటం తమ్మీ. గది మీ అమ్మ చాయ్‌ల బిస్కెట్ లెక్క మింగుతున్నది. ఓ పది రోజులు బంద్ పెట్టి ట్రయల్ జూడుర్రి. మచ్చలు పోతె గోలీ తప్పు. పోకపోతె ఇగ మీ ఇంట్ల సంగతి మీరే చూసుకోవాలె.”

అంటే నా ఒళ్లు వాళ్లకు ట్రయల్ బ్యాచ్. ఖరాబైతే డ్రమ్ము బోర్లించి కడిగేస్తారు. ఉప్పు బస్తాలు మోసినవాడు వంట నేర్పినట్టుంది అతని వైద్యం. నవ్వొచ్చేది, కానీ నా కొడుకు తల ఊపడం చూశాక రాలేదు. షిఫ్టు చేసి వచ్చి, కంపెనీ బస్సులో కూడా ఇదే ముచ్చట విని విని వాడి మొహం వాడిపోయింది. కొన్ని రోజులు ఆపి చూద్దామా అన్నాడు.

కోడలు వద్దంది. “ఆపకండి అత్తయ్యా. వాళ్లు ఏమనుకుంటే నాకేంటి,” అంది. అనడం వరకు అంది. నల్లాకు పోవడం మానేసింది, సంఘానికి పోవడం మానేసింది. నన్ను రోడ్డు దాటించేటప్పుడు చెయ్యి పట్టుకోవడం మాని కొంగు కొస పట్టుకుంటోంది. ఒకరోజు వాళ్లమ్మ ఫోన్ చేసింది. గోడకు మొహం పెట్టి మాట్లాడుతుంటే విన్నాను. “నేను చెయ్యి చేసుకోలేదమ్మా, నువ్వు కూడానా,” అంది.

ఆ మాట విన్న పొద్దు గోలీ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మింగితే ఆమె పేరు పోతుంది. మానితే మంచాన పడి ఆమె నడుమే విరుస్తాను. తక్కెడలో ఏ తట్ట చూసినా కూర్చున్నది ఆమే. నేను ఎక్కడా లేను. మింగాను, కానీ గొంతు దిగడానికి రెండు గ్లాసుల నీళ్లు పట్టాయి.

సంగారెడ్డి పోయి డాక్టరమ్మను అడిగాను. చెప్పకుండా ఒక్కరోజు కూడా మానొద్దంది. మచ్చలు పైపైన ఉన్నన్నాళ్లు భయం లేదు, మలం నల్లగా వచ్చినా తలకు దెబ్బ తగిలినా వెంటనే రావాలంది. వేరే రకం గోలీ ఉంది గానీ దానికీ మచ్చలు వస్తాయంది. నా కోడలు కొట్టలేదని ఒక చీటీ రాసిమ్మన్నాను. నవ్వింది. చదువుకున్నవాళ్లకు నవ్వొచ్చే చోటు వేరే.

ఇక నా ట్రయల్ నేనే చేద్దామనుకున్నాను. సంఘం మీటింగ్ రోజున పోయి, కిరాయి గదులామె ముందు కూర్చుని, కొంగు తీసి మచ్చ లేని చెయ్యి చాపాను.

“పట్టు,” అన్నాను.

“ఏంది అక్కా గిది?”

“ఆటోలకెల్లి పడుతున్న అనుకో. ఎట్ల పట్టి ఆపుతవో గట్ల పట్టు. నీ మొగడే ట్రయల్ జెయ్యమన్నడు గద.”

ఆమె వెనక్కి జరిగింది. మిగతావాళ్లకు తమాషా దొరికింది. జెర పట్టు వదినె, పోయేదేముంది అని ఎగదోశారు. నలుగురిలో పట్టకపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని పట్టింది. నేను ఒళ్లు బరువంతా పక్కకు వదిలాను. పడతానేమోనని గట్టిగా బిగించింది. చెయ్యి తీసి చూస్తే మచ్చ ఏమీ లేదు. మంచిగనే ఉన్నది గద అని అందరూ నవ్వారు. రేపు నల్లా దగ్గర చూద్దురు గానీ అని లేచి వచ్చేశాను.

మరునాడు పొద్దున అచ్చులు లేచాయి. నాలుగు వేళ్లు, బొటనవేలు, ఆమె రాయి ఉంగరం తగిలినచోట చింతగింజంత నలుపు. నల్లా దగ్గర బిందెల మధ్య నిలబడి చెయ్యి పైకెత్తి పట్టుకున్నాను. ఒకామె కిరాయి గదులామె చెయ్యి లాగి నా చేతి మీద ఆనించి చూసింది. ఉంగరం కూడా కుదిరింది.

“నేను జెర పట్టిన అంతే. కొట్టలే,” అంది ఆమె.

“నా కోడలు గూడ గంతే,” అన్నాను.

బిందెలో నీళ్లు నిండి పొర్లుతున్నా ఎవరూ నల్లా కట్టేయలేదు. ఆమె ఏడుపు మొదలుపెట్టింది, ఇప్పుడు తనకు చెడ్డపేరు వస్తుందని. ఆ పేరు రెండు పూటలు మొయ్యమన్నాను. అంతకన్నా మెత్తని మాట నా దగ్గర లేకపోయింది.

ఇంట్లో నాకు దండలు పడలేదు. కోడలు చెయ్యి చూసి మండిపడింది. లోపల రక్తం ఆగకపోతే ఎవరిని పిలవాలి, మీకు అసలు బుద్ధి ఉందా అంది. తిడుతూనే చల్లటి గుడ్డ చుట్టింది. నెల పరీక్షకు పోయినప్పుడు డాక్టరమ్మ కూడా తిట్టింది. ఆ తిట్టులో న్యాయం ఉంది, తలొంచుకుని తీసుకున్నాను. గోలీ మాత్రం ఒక్క పూట తప్పలేదు.

బస్తీ ఊరుకుంటుందా. ఇప్పుడు ముచ్చట మార్చింది. ముసలిది కావాలని చెయ్యి కమలబెట్టుకుని మందిని బద్నాం చేస్తుందట, గయ్యాళిదట, కోడలు మంచిది గనుక వేగుతోందట. మొన్న కోడలు మళ్లీ నల్లాకు పోయింది. సంఘం ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరి, మీ అత్త ఇంట్లో కూడా గిట్లనే ఉంటదా అని అడిగారట.

“నువ్వేమన్నవ్?” అని అడిగాను.

“ఇంకా ఎక్కువేనని చెప్పాను అత్తయ్యా,” అంది బిందె దించుతూ.