ఏరి తెచ్చుకున్న పెట్టె

బరువులు మోసి మోసి కుడి భుజం కిందికి వాలిపోయిన ఆ గిటారిస్టు యాంప్లిఫైయర్ కొనడానికి వచ్చాడంటే దుకాణదారుడు తల పట్టుకునేవాడు. ఆయన ప్రతి పెట్టెనూ కుండను కొట్టి చూసినట్టు వేలి కణుపుతో కొట్టి, వాల్యూమ్ చివరిదాకా తిప్పి, ఒక్క తీగ మీటి, ఆ మోత పూర్తిగా అణిగేదాకా కళ్లు మూసుకుని వినేవాడు. డ్రమ్ముల హోరు దాటి వినబడాలి, గొంతు చీలకూడదు, పాట మధ్యలో చెయ్యివ్వకూడదు.

"పెళ్లి సంబంధానికి కూడా ఇన్ని వంకలు పెట్టరు మాస్టారూ!" అనేవాడు దుకాణదారుడు.

అలా ఏరి ఏరి తెచ్చుకున్న పెట్టె నిన్న హోటల్ విందులో రెండో పాటకే ఎర్ర దీపం ఆరిపోయి గుటుక్కుమంది. పాట ఆగిపోతుందనీ, అందరూ తనవైపు తిరుగుతారనీ ఆయన బిక్కచచ్చి నిలబడ్డాడు. ఎవరూ తిరగలేదు. డ్రమ్ములు మోగుతూనే ఉన్నాయి, జనం గంతులేస్తూనే ఉన్నారు. ఏం చెయ్యాలో తోచక ఆఖరి పాట దాకా ఆ మూగ తీగల మీదే వేళ్లు ఆడించాడు. విందు ముగిశాక, ఏళ్ల తరబడి పక్కనే నిలబడి పాడుతున్న గాయకుడు వచ్చి భుజం తట్టాడు.

"అన్నా, ఇన్నాళ్లకి నీ సౌండ్ సరిగ్గా కుదిరింది. ఇకనుంచి ఇలాగే పెట్టు."

ఆయన తలూపి, కేబుల్‌ను మోచేతికి చుట్టుకోసాగాడు.