రత్న చదివే బస్సు బోర్డు

నేను చిత్తూరు వైపు తెలుగు మీడియంలో పది పాసై, కర్ణాటకలోని శ్రీనివాసపురం దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాను. కన్నడ అక్షరాలు మనవాటిలాగే ఉన్నా తలకట్టు వేరు. బోర్డు కూడబలుక్కునేలోపు బస్సు వెళ్లిపోయేది. నా తోడికోడలు రత్న మాత్రం బస్సు మలుపు తిరగ్గానే "రాయల్పాడుది వచ్చె, రాండి" అని ముందే ఎక్కి సీటు పట్టేది. "చదువంటే మా చిన్నకోడలిదే" అని అత్త మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండేది.

పోయిన వేసవిలో ఆ బస్సుకు మెరిసే కరెంటు అక్షరాల బోర్డు పెట్టారు. రత్న దాన్ని చూస్తూ అలాగే నిలబడిపోయింది. నాకు సందు దొరికింది. బస్టాండంతా వినేలా, "ఏమ్మా, చదివేది రాదా నీకు?" అన్నాను.

"రాదక్కా," అంది తలవంచుకుని. "నేను ఇస్కూలుకే పోలేదు. పాత బోర్డులో ఆ పేరు ఎట్లుంటాదో బొమ్మ మాదిరి గుర్తు పెట్టుకున్నా. ఇది వేరే మాదిరి ఉండాది."

అందరూ మా వైపు తిరిగారు. సిగ్గుతో చచ్చిపోయాను.

పలక కొని ఆ రాత్రే రత్నకు కన్నడ అక్షరాలు మొదలుపెట్టించాను. ఇప్పుడు రత్న కూడా నాలాగే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంది. మేం చదివేలోపు బస్సు నిండిపోతుంది, సీటు ఇద్దరికీ దొరకదు. ప్రేమతో నేర్పానో, కుళ్లుతో నేర్పానో ఇప్పటికీ చెప్పలేను.