ఎదురింటి మంద

మొన్న పొద్దున మా ఊళ్లో ఆటోకు మైకు కట్టి, గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపిస్తున్నాం, మందలన్నీ తోలుకురండని చెప్పుకుంటూ పోతుంటే, గొర్రె అన్నదే లేని ఇంట్లో కూర్చున్న నేను గబుక్కున లేచి వాకిట్లోకి వచ్చి, అలవాటు కొద్దీ ఎదురింటి దొడ్డి వైపే చూశాను.

ఆ దొడ్డి మా మరిది భార్యది. తెలంగాణ వచ్చిన కొత్తలో అన్నదమ్ములిద్దరూ మందను చెరిసగం పంచుకున్నారు. ఒకే బీడులో మేసి ఒకే కుంటలో నీళ్లు తాగినా ఆమె గొర్రెలు నూనె రాసినట్టు మెరిసేవి, మావేమో ఎముకలు తేలి ఉండేవి. జడ్చర్ల నుంచి వచ్చిన బేరగాళ్లు మా వాకిలి దాటిపోయి ఆమె దొడ్డి ముందు నిలబడితే నాకు కడుపు మండిపోయేది, ఆ పూట అన్నం సహించేది కాదు.

ఒకనాడు మా గొర్రెల పెంటికలతోపాటు ఆమె దొడ్డిలోవీ నాలుగు ఏరి, విడివిడిగా మోదుగాకుల్లో చుట్టుకుని పశువుల దవాఖానకు పోయాను. ఆమె మందలో ఏదో ఒక రోగం బయటపడాలని నా కోరిక. డాక్టరు పరీక్షించి, రెండింటిలోనూ నట్టల గుడ్లున్నాయనీ, బాగా కనిపించే ఆ మందలోనే ఎక్కువున్నాయనీ, వానలు ముదరకముందే రెండు మందలకూ మందు తాపాలనీ చెప్పాడు. ఇంటికి వచ్చేదాకా నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ సంగతి ఆమెకు చెప్పేటప్పుడు గొంతు తగ్గించగలిగాను గానీ ముఖంలో సంతోషం దాచుకోలేకపోయాను. ఆమె అదే చూసింది.

"నా గొర్లు గింత మంచిగుంటే నీకు ఓర్వబుద్ధి అయితలేదక్కా," అని దొడ్డి తడక వేసుకుంది.

మేం మా మందకు తాపించాం. వానలు ముదిరాక ఆమె గొర్రెలకు దవడ కింద నీరు దిగింది, బేరగాళ్లు మోజుపడ్డ పొట్టేలే ముందు చచ్చింది. మర్నాడు ఆమె మిగిలినవాటిని మా వాకిట్లోకి తోలుకొచ్చి నిలబడితే, నేను ఒక్కోదాని మూతి పట్టుకున్నాను, ఆమె మందు పోసింది. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే నాకూ ఏడుపొచ్చింది. దసరా నాటికి అవి మళ్లీ మెరిశాయి, నాకు మళ్లీ కడుపు మండింది.

ఇప్పుడా బీళ్లన్నీ ప్లాట్లయ్యాయి. మందలు అమ్ముకున్నాం, ఆమె షాద్‌నగర్‌లో కూతురి దగ్గర ఉంటోంది. మొన్న మైకు వెనకే ఎవరిదో మంద, బాగా మెరుస్తూ, మా వాకిలి ముందు నుంచి పోయింది. ఎంతసేపు చూసినా నాకు కడుపు మండలేదు, అదే బాధనిపించి ఆమెకు ఫోన్ చేసి ఆ మంద సంగతి చెప్పాను.

"మన గొర్లకన్న మంచిగున్నయా?" అని అడిగింది.

నీ గొర్రెల ముందు ఇవెంత అన్నాను. అవి ఎదురుగా ఉన్నన్నాళ్లూ ఆ మాట ఒక్కసారైనా నా నోట రాలేదు.