తెల్లరంగు కింద ఎర్ర మనుషులు

మా డ్రాయింగు మాస్టారు పోయారన్న కబురు ఆదివారం కూటం మధ్యలో వచ్చింది. నేను నిలబడి, చేతిలో గ్రంథం తెరిచి, ఊరివాళ్ళ పాపాల మీద గొంతు చించుకుంటున్నాను. వాళ్ళమ్మాయి సత్తెనపల్లి నుంచి ఫోను చేసిందట. పత్తి తీతలకి వెళ్ళిన మా తమ్ముడు చేలో నుంచి వెనక్కొచ్చి నా చెవిలో చెప్పాడు. చెప్పబోతున్న వాక్యం ఆ తర్వాత నోటికి రాలేదు. ప్రార్థన చేసి కూటం ముగించాను. ఏం ప్రార్థించానో గుర్తు లేదు.

ఆ రోజు చెప్పలేనిది మన కూటాల పత్రికలో ఇప్పుడు రాస్తున్నాను. మీలో చాలామంది నన్ను అగ్గిలాంటి బోధకుడంటారు. ఇది చదివాక ఆ పేరు ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం.

మాస్టారు మన విశ్వాసంలోని మనిషి కారు. స్నానం చేసి విభూతి పెట్టుకోనిదే గడప దాటేవారు కాదు. నేను ఏడో తరగతి తప్పి బడి మానేస్తే, దార్లో సైకిలు ఆపి, చదువు మానితే మానావు గానీ చేతిని పాడుచేసుకోకు అన్నారు. శనివారాలు బడి వెనక గోడ మీద నాకు అక్షరాలు నేర్పారు. దారానికి సుద్ద రాసి, రెండు కొసలూ బిగించి, మధ్యలో లాగి వదిలితే గోడ మీద నిటారు గీత పడేది. ఆ గీత మీదే రాయాలి. కుంచె పట్టేముందు మాత్రం ఆయన పిడికిలి గుండ్రంగా చేసి, ఆ సందులోంచి గోడని చాలాసేపు చూసేవారు. నన్నూ చూడమనేవారు.

"ముందు గోడని చూడరా. నువ్వు రాకముందు నుంచీ అది అక్కడుంది."

నాకు విసుగ్గా ఉండేది. చూడటానికి ఏముంది, గోడే కదా అనుకునేవాణ్ణి.

విశ్వాసంలోకి వచ్చాక వాళ్ళింట్లో ప్రసాదం నేను ముట్టనని ఆయనకి తెలుసు. పూజ అయ్యాక కొబ్బరి ముక్క నా వైపు రాకుండా పక్కన పెట్టి, కాఫీ గ్లాసు చేతికిచ్చి, "ఇది ఏ దేవుడికీ చూపించలేదురా, తాగు" అనేవారు. పాతికేళ్ళు అదే మాట, అదే గ్లాసు.

ఆయన నేర్పిన చేత్తో మొదట పత్తి పురుగుమందుల ప్రకటనలు రాశాను. సత్తెనపల్లి నుంచి అద్దంకి దాకా నా అక్షరం లేని గోడ లేదు. ఒక్క పిచికారీతో పురుగు మాయం అని రాశాను. పురుగు మాయం కాలేదు, చేలు మాయమయ్యాయి. ఆ ఏడాదే నేను ప్రభువు దగ్గర మోకాళ్ళూనాను. ఇక ఈ చేయి సత్యమే రాస్తుందని ఒట్టు పెట్టుకుని, రోడ్డు పక్క బండల మీద, గుట్టల మీద వాక్యాలు రాయడం మొదలుపెట్టాను. ఏటా క్రిస్మస్ కూటాలకి ముందు విశ్వాసులంతా బకెట్లు, నిచ్చెనలు తీసుకుని వెళ్ళి ఆ వాక్యాలకి కొత్త రంగు వేయడం మీకందరికీ తెలిసిన ఆనవాయితీయే.

మా ఊరు దాటాక గుట్ట మీద గొడుగులా ముందుకొచ్చిన ఒక పెద్ద రాయి ఉంది. వానొస్తే గొర్రెల కాపర్లు దాని కింద నిలబడతారు. దాని మీద ఎర్రటి మరకలు కనబడ్డాయి. ఎవరో మొక్కుకి పూసిన కుంకుమ అనుకున్నాను. రెండు పూతలు సున్నం కొట్టి, పైన తెల్ల ఎనామిల్ వేసి, నీలం అక్షరాలతో వాక్యం రాశాను. మైలు దూరంలో బస్సులో పోయేవాళ్ళకి కూడా కనబడేది. ఎంత గర్వపడ్డానో ప్రభువుకే తెలుసు.

తర్వాతి ఏడాది మాస్టారు రిటైరై ఒక రోజు మా ఇంటికొచ్చారు. మధ్యప్రదేశ్‌లో ఇసుకరాతి కొండలున్నాయి, ఇప్పుడదంతా సర్కారు కాపాడే అడవి, అక్కడి రాళ్ళ మీద వేల ఏళ్ళ కిందటి బొమ్మలున్నాయి, అవి చూడాలని జీవితమంతా అనుకున్నానన్నారు. మోకాళ్ళు అరిగిపోయాయి, ఒంటరిగా కూతురు పంపనంటోందన్నారు.

"నువ్వు రారా. నా సంచి నువ్వు మొయ్యి. దారంతా నీ బోధ నేను మోస్తాను."

మోశారు కూడా. రైల్లో నేను తెలుగులో సువార్త చెబితే, ఎదుటివాళ్ళకి ఆయన హిందీలో చెప్పారు. వాళ్ళు శ్రద్ధగా తలలూపుతుంటే పొంగిపోయాను. మేం దిగాల్సిన ఇటార్సీ స్టేషను ఇంకెంత దూరమని నేను అడుగుతున్నట్టు చెప్పారని తర్వాత తెలిసింది.

ఆ కొండల్లో అడుగుపెట్టాక నా నోరు దానంతటదే మూతబడింది. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. పసుపు, గోధుమ రంగు పొరలు పొరలుగా ఉన్న రాయి. చెయ్యి వేస్తే వేళ్ళకి ఇసుక అంటుకుంది. ముందు కర్ర పట్టుకుని నడుస్తున్న అటవీ గార్డు కూడా గుసగుసగానే మాట్లాడుతున్నాడు. మాస్టారు నా భుజం పట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగి, ఒక రాతి చూరు కిందకి చేరారు. లోపల బొమ్మలు. చూడగానే నాలో బోధకుడు లేచాడు. విగ్రహాలు చేయవద్దన్న ఆజ్ఞ ఎత్తుకున్నాను. మాస్టారు పిడికిలి గుండ్రంగా చేసి చూశారు. నన్నూ అలా చూడమని సైగ చేశారు.

చూశాను. చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డ మనుషులు. అందరిదీ ఒక కాలు పైకెత్తి ఉంది. ఏదో ఆట, ఏదో సంతోషం. నిలవుండి రంగు తిరిగిన పాత మిరపకాయలాంటి ఎరుపు.

ఆ ఎరుపు నాకు తెలుసు. ఆ ఎత్తిన కాలు తెలుసు. మా గుట్ట మీద సున్నం కుంచె ఆడిస్తుంటే అలాంటి కాలే ఒకటి కనబడింది. సైతాను గంతులనుకుని దాని మీద ఇంకో పూత గట్టిగా వేశాను.

అక్కడే కూలబడి, మాస్టారూ, మన గుట్ట మీద కూడా ఇవే ఉన్నాయండీ అన్నాను.

"తెలుసురా. తొమ్మిది మంది. చివర ఒక కుక్క."

"మీరు ముందే ఎందుకు చెప్పలేదండీ?"

"నువ్వు ఆ రాయి ఎక్కావని నాకు తెలిసేసరికే రాసేశావు. చెబితే వాదిస్తావు. చూస్తే వాదించలేవని తీసుకొచ్చాను." మళ్ళీ ఆ బొమ్మల వైపు తిరిగి, "అక్షరాలు మాత్రం బాగా కుదిరాయిరా. వరస తప్పలేదు. నేర్పింది నేనే కదా" అన్నారు. ఆయన ముఖంలో నవ్వు లేదు.

గ్రంథంలో యొర్దాను నది దాటినవాళ్ళు రాళ్ళు ఎందుకు నిలబెట్టారు? రేపు పిల్లలు ఇవేమిటని అడిగితే చెప్పడానికి. ఈ మాట మీద నేను ఎన్ని ఊళ్ళలో బోధించాను! ఎవరి పిల్లలో అడగాల్సిన రాయికి నేను సున్నం కొట్టాను.

ఊరికి రాగానే కిరసనాయిలు, ఇనుప బ్రష్షు తీసుకుని బయల్దేరితే మాస్టారు ఆపారు. గీకితే రంగుతో పాటు ఆ తొమ్మిది మందీ పోతారు, ఎండకీ వానకీ వదిలెయ్యమన్నారు. మళ్ళీ రంగు మాత్రం వెయ్యనివ్వనని మాట ఇవ్వమన్నారు. ఇచ్చాను.

మొదటి ఏడాది నాకు జ్వరమని చెప్పి ఆ గుట్టకి ఎవరినీ పోనివ్వలేదు. రెండో ఏడాది నిచ్చెన విరిగిందన్నాను. మూడో ఏడాది మన సంఘపెద్ద అందరి ముందూ అడిగారు: "వాక్యం వెలిసిపోతోంది బ్రదర్, బస్సులోంచి కనబడటం లేదు. ఈసారైనా వేద్దామా?" అందరూ నా ముఖం చూస్తున్నారు. విభూతి మాస్టారి వెంట తిరిగి చల్లబడిపోయాడంటారని భయపడ్డాను. సరే అన్నాను. విశ్వాసుల గీత వంకర పోతుంటే చూడలేక, సుద్ద దారం నేనే బిగించి వదిలాను.

మాస్టారు బస్సులోంచి చూసే ఉంటారు. ఆ తర్వాత వాళ్ళింటికి వెళ్తే కాఫీ గ్లాసు చేతికిచ్చి ఎప్పటి మాటే అన్నారు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఏటా రంగు పడుతూనే ఉంది, ఏటా ఆ కాఫీ తాగుతూనే ఉన్నాను. కోడి కూసేలోపు ముమ్మారు బొంకిన శిష్యుడి మీద నేను ఎంత నిప్పులు చెరిగేవాణ్ణో మీరు విన్నారు. అతనికి కోడైనా కూసింది. నాకు మాస్టారు కాఫీ ఇచ్చారు.

దహనం అయ్యాక వాళ్ళమ్మాయి ఒక పాత డ్రాయింగు పుస్తకం తెచ్చి, నీకిమ్మన్నారన్నయ్యా అంది. అందులో ఒక పేజీ నిండా ఎర్ర పెన్సిలుతో వరస. తొమ్మిది మంది, చివర కుక్క. ఇంకే మాటా రాయలేదు.

దాన్ని సంఘపెద్దకి చూపించి జరిగిందంతా చెప్పాను. ఆయన వేలుపెట్టి ఒక్కొక్కరినీ లెక్కపెట్టారు. "అయితే వాక్యం తప్పంటావా బ్రదర్?" అన్నారు. వాక్యంలో తప్పు లేదండీ, దాన్ని ఎక్కడ రాశానో అదీ నా తప్పు, చెప్పకుండా దాచడం అంతకంటే పెద్ద తప్పు అన్నాను. పత్రికలో రాసెయ్యి మరి, జనం ఏమంటారో చూద్దాం అన్నారు. రాశాను. ఈ డిసెంబరులో బకెట్లు ఆ గుట్ట ఎక్కితే, రాయి ముందు నేను కూర్చుని ఉంటాను. నన్ను దాటి వేసుకోండి.

నిన్న సాయంత్రం ఒక్కణ్ణే గుట్టెక్కాను. కింద చేలన్నీ పత్తి విచ్చి తెల్లగా ఉన్నాయి. రాయి అడుగున, నేను రాసిన చివరి అక్షరం కింద, బొటనవేలి గోరంత మేర రంగు పెచ్చులూడింది. పిడికిలి గుండ్రంగా చేసి, కన్ను ఆనించి చూశాను. ఎర్రటి పాదం ఒకటి, పైకెత్తి ఉంది. ఇంకా కింద పెట్టలేదు.