సరోజ మార్చిన ఫైలు

దయ్యాల ముచ్చట ఎవలన్న ఎత్తితే మా లింగాల ఘనపూర్ ఇంట్ల మొదలు నవ్వేది నేనే. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు చెప్త.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. జనగామ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీల నేను, సరోజ ఆఖరు సంవత్సరం చదువుతున్నం. ఆమెది గూడూరు దగ్గరి తండా. ఇద్దరిదీ ఒకటే ప్రాజెక్టు. భూపాలపల్లిల ఉన్నసొంటి కరెంటు ప్లాంటుల, బాయిలర్‌ల నీళ్ల మట్టం ఒక్క తీరుగ నిలబెట్టే కంట్రోలర్ తయారు చెయ్యాలె. అసలు యంత్రం ముట్టకముందే కంప్యూటర్‌ల దాని నమూనా గీసి, అంకెలు మార్చుకుంట చూసే సాఫ్ట్‌వేర్ ఉంటది. అది మా ల్యాబ్‌ల ఒక్క కంప్యూటర్‌లనే ఉండె. నెల రోజులు కూసున్నం. నీళ్ల మట్టం గ్రాఫు ఊగుడే గని నిలవలే.

ఉద్యమ సమ్మె మొదలయ్యే ముందటి రోజు నాకు విసుగొచ్చింది.

"నీ లెక్కలే తప్పు. ఇగ నువ్వు ముట్టకు," అన్న.

సరోజ కోపానికి రాలే. "వచ్చినంక చూద్దాం తియ్," అని సంచి భుజానేసుకొని పోయింది. ల్యాబ్‌కు తాళం పడ్డది.

తండాల ఆమెకు జ్వరం పట్టింది. బస్సులు బంద్. నాలుగో రోజు ఆటోల మహబూబాబాద్ దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వల్నే పానం పోయింది. ఆ సంగతి నాకు వారానికి గని తెల్వలే.

సమ్మె అయినంక అటెండర్ నా ముందట్నే తాళం తీసిండు. కీబోర్డు మీద దుమ్ము పేరుకున్నది. ఫైలు తెరిస్తే, నమూనా బొమ్మల మేం గియ్యని డబ్బా ఒకటి కనవడ్డది. వాల్వు తిరిగినంక నీళ్లు చేరేదాంక పట్టే ఆలస్యం అది. నెల రోజులు మేం మరిచింది గదే. నడిపి చూసిన. గ్రాఫు రెండు సార్లు ఊగి నిలవడ్డది.

ఫైలు ఆఖరుసారి సేవ్ అయింది సరోజ పానం పోయిన తెల్లారి, పొద్దుగాల పదకొండింటికి. కంప్యూటర్ టైము తప్పేమోనని చూసిన. సరిగ్గనే ఉన్నది.

"తాళంచెవి నా తాననే ఉండె బిడ్డా. కరెంటు మెయిన్ గూడ బంద్ చేసే పోయిన," అన్నడు అటెండర్.

ఉండవట్టలేక తండాకు పోయి సరోజ తల్లికి అంత చెప్పిన. ఫైలంటే ఏందో ఆమెకు తెల్వదు. అయినా తల వంచుకొని ఆఖరు దాంక ఇన్నది.

"ఆ అర్రల అది ఒక్కతే కూసున్నదా బిడ్డా?" అని అడిగింది.