తాళం బయటే ఉంది

సస్పెన్స్ నవలలు రాస్తానని తెలిస్తే చాలు, ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే. హంతకుడెవరో ముందే అనుకుని మొదలుపెడతారా, రాస్తూ కనిపెడతారా అని. మిగతా నవలల మాట ఎలా ఉన్నా, ఒక నవలకు మాత్రం ఆ శ్రమ లేకపోయింది. హంతకుడెవరో సూరత్‌లోని గోడాదరాలో మా వాడకట్టు మొత్తానికి తెలుసు.

పక్కింటాయన్ని నేను పెద్దనాయన అని పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. మా నాన్న, ఆయన కలిసే తెలంగాణ నుంచి సూరత్ వచ్చారు. ఖటోదరాలో ఒక కార్ఖానాలో పెద్దనాయన సాంచాలు నడిపేవాడు. కరెంటు మగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. షిఫ్టు మొదలవగానే సేటు బయటినుంచి తాళం వేసి, తాళంచెవి మొలకు కట్టుకుని ఇంటికి పోయేవాడు. బట్ట దొంగతనంగా బయటికి పోకూడదని ఆయన భయం. లోపల ఉన్న మనుషుల గురించి ఆయనకు ఏ భయమూ లేదు. హోలీ పండగ పూట మిగతావాళ్లు రాలేదు, పెద్దనాయన ఒక్కడే పనిలో ఉన్నాడు. షెడ్డులో మంటలు లేచాయి. తాళం తీసేసరికి అంతా అయిపోయింది.

బీడీ కాల్చి పారేశాడని సేటు పోలీసులకు చెప్పాడు. పెద్దనాయన జన్మలో బీడీ ముట్టిన మనిషి కాదు. తాళం మాట కాగితాల మీదికే రాలేదు. పెద్దమ్మ మాత్రం కనిపించిన ప్రతివాడికీ అదే చెప్పేది. "బయట తాళమేసిండ్రు బిడ్డా, బయట." వినేవాళ్లు కాసేపు తలాడించి వెళ్లిపోయేవారు.

చాలా ఏళ్లకు, చీరల మార్కెట్లో సేల్స్‌మన్‌గా పనిచేస్తూ నవలలు రాయడం మొదలుపెట్టాక, నేను చేసిన పని ఆ మాటను నవలగా రాయడం. మూసిన షెడ్డు, లోపల కాలిన శవం. చంపినవాడు ఎలా బయటపడ్డాడో తెలియక డిటెక్టివ్ నవలంతా తల బద్దలు కొట్టుకుంటాడు. రేకులు చూస్తాడు, కిటికీ చువ్వలు లాగి చూస్తాడు. చివరి అధ్యాయంలో తెలుస్తుంది, చంపినవాడు లోపలికే రాలేదని. తాళం బయట ఉంది, తాళంచెవి సేటు మొలకు ఉంది. ఒక వారపత్రిక సీరియల్‌గా వేసింది. పెద్దమ్మకు చదువు రాదు. పత్రిక వచ్చినప్పుడల్లా వాళ్ల గడపలో కూర్చుని నేనే చదివి వినిపించాను. ఆమె చీరలకు స్టోన్లు అతికిస్తూ వినేది. ఆఖరి భాగం అయ్యాక చేతిలో చీర పక్కనపెట్టి, "గిప్పుడు నలుగురికి ఎరుకైతది" అంది. అంతకు మించిన మెప్పు నాకు మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.

లాక్‌డౌన్‌లో మార్కెట్ మూతపడింది, సాంచాలు ఆగిపోయాయి. మావాళ్లలో సగం మంది దొరికిన బండి పట్టుకుని ఊళ్లకు పోయారు. అలాంటి రోజుల్లో హైదరాబాద్ నుంచి ఫోన్. థియేటర్లు లేవు, జనమంతా ఇళ్లలో ఫోన్లు చూస్తున్నారు, మీ నవల సిరీస్‌గా తీస్తాం అన్నాడు ఒక కుర్ర డైరెక్టర్. ఎగిరి గంతేశాను. ఆ తాళాన్ని ఇక తెలుగువాళ్లందరూ చూస్తారు. పెద్దమ్మకు చెబితే, "సేటును గూడ చూపిస్తరా?" అని రెండుసార్లు అడిగింది. చూపిస్తారన్నాను.

సంతకాలయ్యాక డైరెక్టర్ మళ్లీ ఫోన్ చేశాడు.

"సార్, ఒక చిన్న మార్పు. తాళం బయట పెడితే మొదటి ఎపిసోడ్‌లోనే దొరికిపోతాం. అందుకని గడియ లోపల పెట్టేశాం."

"గడియ లోపల ఉంటే తీసుకుని బయటికి రాడా? ఎందుకు చస్తాడయ్యా?"

"చావలేదు సార్! అదే ట్విస్ట్. శవం వేరేవాడిది. మనవాడే వాణ్ణి చంపి, కాల్చేసి, పేరు మార్చుకుని వేరే ఊళ్లో బతుకుతుంటాడు. ఆఖరి ఎపిసోడ్‌లో దొరుకుతాడు."

"మరి సేటు?"

"పాపం, ఆయన మీద అందరికీ అనుమానం. చివరికి ఆయన మంచివాడని తేలుతుంది. సేటే విలన్ అంటే పాత సినిమా అయిపోద్ది సార్."

ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. అతను శాంతంగా విని, మార్చుకునే హక్కు అగ్రిమెంట్‌లో ఉందని గుర్తుచేశాడు. కనీసం నా పేరు తీసెయ్యమన్నాను. మీ పేరుకు పాఠకులున్నారు సార్, ఎలా తీస్తాం అన్నాడు. తర్వాత సూరత్ పక్కనే కిమ్ అనే ఊళ్లో మూతబడ్డ ఒక షెడ్డులో షూటింగ్ చేసి వెళ్లారని ఎవరో చెబితే తెలిసింది. సూరత్ దాకా వచ్చినవాళ్లు నాకు ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదు. వచ్చి ఏ ముఖం చూపిస్తారులే, సిగ్గుండాలి కదా.

రెండో విడత కరోనా ముదిరిన రోజుల్లో అది విడుదలైంది. బాగుందని మిత్రులు మెసేజ్‌లు పెట్టారు. ట్విస్ట్ ఊహించలేకపోయామని పొగిడారు. నా నవలకు రాని పేరు ఆ అబద్ధానికి వచ్చింది. పెద్దమ్మకు ఏమీ చెప్పలేదు. రోజూ ఏదో ఒక ఇంటి ముందు అంబులెన్స్ ఆగుతున్న కాలం, ఆమె చెవిన పడకుండా పోతుందిలే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆమె గడపలోంచే నన్ను పిలిచింది. మూతికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"మొత్తం చూసిన. ఎదురింటోళ్లు ఫోన్ల పెట్టిండ్రు."

"పెద్దమ్మా, అది నేను రాసింది కాదే. వాళ్లు ఖరాబ్ చేసిండ్రు. పెద్దనాయనను ఖూనీకోరును చేసిండ్రు. నాకు పానం ఎంత గుంజుతాందో..."

"అది కాదు బిడ్డా. నాకు ఆయన మొఖం చూపియ్యలే, యాదికున్నదా?"

గుర్తుంది. మూటగట్టి తెచ్చారు. చూస్తే తట్టుకోలేవని మగవాళ్లంతా అడ్డం నిలబడ్డారు, మా నాన్నతో సహా. ఇప్పుడు ఈ రోగంతో పోయినవాళ్లనూ అలాగే మూటలుగా తీసుకుపోతున్నారు.

"సినిమాల గూడ గంతే. మొఖం చూపియ్యలే. చూస్తే ఆయన కాదని ఎరుకైతది గదా. ఆయన యాడనో బతికే ఉన్నడు."

"అదంతా ఉత్త కథ పెద్దమ్మా."

"మొదలు నువ్వు రాసింది నిజమే గదా. గిండ్ల గూడ నీ పేరే పడ్డదని చదివి చెప్పిండ్రు." ఆమె గొంతులో కోపం లేదు. నా చేత ఎలాగైనా అవుననిపించాలన్న ఆశ ఉంది, అదే నాకు భరించరానిదైంది. "ఖూనీ చేస్తే చేసిండు. నేనేం అనను. యాడున్నడో జర చెప్పు."

నాకు ఏడుపొచ్చింది. ఆ కుర్రాడు ఎదురుగా ఉంటే గొంతు పట్టుకునేవాణ్ణి. గడప ముందు కూలబడి, ఇన్నేళ్లూ ఆమె నాకు చెప్పిన మాటనే ఆమెకు చెప్పాను.

"బయట తాళమేసిండ్రు పెద్దమ్మా. ఆయన ఎట్ల బయటికొస్తడు?"

ఆమె నా వైపు జాలిగా చూసింది.

"లేదు బిడ్డా. గడియ లోపటనే ఉండె. నేను చూసిన గదా."